ఒక్క గొయ్యికే చోటుంటే: విశాఖ ఇంటి ముందు చెట్టా, పూలమొక్కలా?

రెండు వందల గజాల స్థలంలో ఇల్లు లేచాక, కారు నిలిపే చోటు, సంపు, సెప్టిక్ ట్యాంకు, బోరు పోగా మట్టి కనిపించేది ఏపాటి? మధురవాడలోనైనా, ఎంవీపీ కాలనీలోనైనా, గాజువాకలోనైనా సాధారణంగా మిగిలేది గేటు పక్కన ఆరడుగుల వెడల్పు, పది పన్నెండు అడుగుల పొడవున్న ఒక పట్టీ. అందులో పూసే చెట్టు ఒకటి పెట్టాలా, ఏళ్ల తరబడి పూసే మొక్కల మడి వెయ్యాలా అన్నది చాలా ఇళ్లలో నర్సరీ గుమ్మం దగ్గరే తేలిపోతుంది. ఆ రోజు ఏది విరగబూసి కనిపిస్తే అది ఆటో ఎక్కుతుంది.

మందారాన్ని తప్పుచోట పెడితే ఆరు నెలల్లో తెలుస్తుంది. తవ్వి రెండడుగులు జరిపితే సరి. రేల చెట్టుని తప్పుచోట పెడితే ఆ సంగతి బయటపడేది ఆరేళ్లకి. అప్పటికి కొమ్మ కరెంటు తీగ మీద ఉంటుంది, వేరు ప్రహరీ కిందికి పోయి ఉంటుంది, కొట్టేద్దామంటే 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం కింద చాలా రకాల చెట్లకి అధికారుల అనుమతి కావాలి. కాబట్టి చెట్టు లెక్కలన్నీ గొయ్యి తవ్వకముందే తేల్చుకోవాలి. విశాఖలో ఆ లెక్కలన్నిటికంటే ముందు వచ్చేది గాలి.

గాలి, ఉప్పు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం దగ్గరే తీరం దాటింది. ఆ రోజు ఊరు పోగొట్టుకున్న చెట్లని గుర్తు చేసుకుంటే రెండు తీర్లు కనిపిస్తాయి: నడుము దగ్గర విరిగినవి, వేళ్లతో సహా పెళ్లగిలినవి. తురాయి, పచ్చ తురాయి, ఆకాశమల్లె లాంటివి త్వరగా ఎదుగుతాయి, కర్ర పెళుసు. గొడుగులా విచ్చుకున్న తల గాలిని పట్టుకుంటే కొమ్మ మొదట్లో చీలుతుంది. పెళ్లగిలడానికి కారణం కర్ర కాదు, వేళ్లు. ఒక పక్క డ్రెయిను, ఇంకో పక్క తారు లేదా టైల్సు ఉన్న చెట్టుకి వేళ్లు రెండు పక్కలకే పోతాయి. వేళ్లు లేని పక్క నుంచి గాలి తోస్తే ఆపేదేమీ ఉండదు. ఇంటి ఆవరణలో కూడా ఇదే జరుగుతుంది. చెట్టు మొదలు చుట్టూ అందంగా గచ్చు చేయించి, రెండడుగుల చదరం మాత్రం మట్టి వదిలేవాళ్లు తెలియకుండానే ఆ చెట్టుని పడగొట్టడానికి సిద్ధం చేస్తున్నట్టు లెక్క.

చెట్టు బలం మేకులా కిందికి దిగిపోయే తల్లివేరులో ఉందనుకోవడం మామూలు. నిజానికి తిండి, నీళ్లు లాగే వేళ్లలో ఎక్కువ భాగం పైన రెండడుగుల మట్టిలోనే పక్కలకి పాకుతాయి, కొమ్మల నీడ దాటి కూడా పోతాయి. అంటే చెట్టుకి కావలసింది లోతు కన్నా వెడల్పు. కనీసం మూడు వైపుల ఐదారు అడుగుల చొప్పున మట్టి తెరిచి ఉండకపోతే ఇరవై అడుగులు దాటే ఏ చెట్టూ అక్కడ వద్దు. వేరు మంచి కాంక్రీటుని పగలగొట్టదు. ముందే ఉన్న నెరెలోంచి తడిని పట్టుకుని దూరుతుంది, దూరాక లావెక్కుతూ ఆ నెరెని పెంచుతుంది. సంపుకీ సెప్టిక్ ట్యాంకుకీ చిన్న చెట్టయినా పది అడుగుల దూరం ఉంచమనేది ఇందుకే.

ఇక ఉప్పు. లాసన్స్ బే, పెద వాల్తేరు, రుషికొండ వైపు సముద్రానికి మొదటి రెండు మూడు వీధుల్లో గాలితో వచ్చే ఉప్పు తుంపర ఆకుల్ని కాల్చేస్తుంది. ఆకు కొస నుంచి, అంచు నుంచి గోధుమ రంగు లోపలికి పాకుతుంది. నీళ్లు చాలక కూడా ఆకు ఇలాగే మాడుతుంది కాబట్టి చాలామంది నీళ్లు పెంచేస్తారు, మొదలు కుళ్లుతుంది. తేడా పట్టడం తేలిక: నీటి ఎద్దడి అయితే మొక్క చుట్టూ ఒకేలా మాడుతుంది, ఉప్పు దెబ్బ అయితే సముద్రం వైపు ఆకులే ముందు మాడతాయి, ఇంటి గోడ వైపు పచ్చగానే ఉంటాయి. బోరు నీళ్లు ఉప్పన అయినా చుట్టూ ఒకేలా మాడుతుంది, అదనంగా మట్టి మీద తెల్లటి పొర కడుతుంది.

ఉప్పు గాలిని తట్టుకునేవి ఉన్నాయి. చెట్లలో పొన్న, గంగరావి, దేవగన్నేరు. పొదల్లో గన్నేరు, కాగితపు పూలు. దుంప మొక్కల్లో తెల్లటి స్పైడర్ లిల్లీ. తట్టుకోలేనిదానికి మంచి ఉదాహరణ సంపెంగ. సింహాచలం సంపెంగ పేరు వినని విశాఖవాసి ఉండడు. ఆ కొండ వాలులో నీరు నిలవదు, సముద్రపు గాలి నేరుగా తగలదు, అక్కడ సంపెంగ హాయిగా పెరుగుతుంది. అడవివరం వైపు ఇళ్లలో పెట్టుకుంటే నిక్షేపంలా పూస్తుంది. అదే అంటు తెచ్చి బీచ్ రోడ్డు వెనక వీధిలో మేడ మూలన నాటితే ఏటా వేసవికల్లా చిగురు మాడి, మూడేళ్లయినా నడుమెత్తు దాటదు. తప్పు అంటుది కాదు, నాటినవారి శ్రద్ధదీ కాదు.

ఇంటి మట్టి అసలు మట్టేనా?

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినవారికి ఈ ప్రాంతపు నేల తీరు తెలుసు: వానకి కోసుకుపోతుంది, నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచదు, ఆకు కుళ్లిన సారం తక్కువ. అయినా అది మంచి మట్టే. కొత్త ఇంటి ముందు ఉన్నది చాలాసార్లు అది కూడా కాదు. పైన అంగుళం ఎర్రమట్టి పోసి ఉంటుంది, కింద అడుగున్నర దాకా ఇసుక, ఇటుక ముక్కలు, గట్టిపడ్డ సిమెంటు.

ఆ సిమెంటు సున్నం వల్ల మట్టి క్షార గుణానికి మారుతుంది. ముందుగా బలయ్యేది నూరు వరహాలు. ఈ మొక్కకి కాస్త పులుపు నేల కావాలి. క్షార నేలలో ఇనుము ఉన్నా దాని వేరుకి అందదు. లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇది చూసి యూరియా వేస్తే ఏమీ మారదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, సాయంత్రం పూట ఆకుల మీద పదిరోజుల తేడాతో రెండు మూడుసార్లు కొడితే కొత్త చిగురు పచ్చగా వస్తుంది. ముదిరిన పసుపు ఆకు మాత్రం మారదు. మట్టి మార్చనంత కాలం ఈ మందు ప్రతి ఏడూ కొట్టాల్సిందే. నాటకముందే తెలుసుకోవాలంటే గుప్పెడు పొడి మట్టి మీద వెనిగర్ పొయ్యాలి. బుస్సుమని పొంగితే సున్నం దండిగా ఉన్నట్టు. అక్కడ నూరు వరహాల జోలికి పోకుండా కాగితపు పూలో, గన్నేరో పెట్టుకోవడం తెలివి.

చెట్టుకైతే ఇంకో రెండు పరీక్షలు. సీతమ్మధార, విశాలాక్షినగర్ లాంటి కొండవాలు కాలనీల్లో ముందు గునపం దింపి చూడాలి. నాలుగైదు చోట్ల అడుగున్నరలోపే ఖంగుమంటే కింద రాయి ఉంది, ఆ చోటు మడికే పనికొస్తుంది. రెండోది నీటి పరీక్ష. రెండడుగుల గొయ్యి తవ్వి నిండా నీళ్లు పోసి, అవి ఇంకాక మళ్లీ నింపాలి. రెండోసారి పోసిన నీళ్లు మర్నాటికీ నిలిచి ఉంటే అక్కడ చెట్టు వేళ్లు వానాకాలంలో ఊపిరాడక చస్తాయి. చచ్చిన వేరు చెట్టుని పట్టి ఉంచదు. అలాంటి చోట అడుగెత్తు మడి కట్టి మెట్టతామరో, స్పైడర్ లిల్లీయో వెయ్యడం నయం.

పూలు ఎవరికి?

ఈ ప్రశ్న నర్సరీలో ఎవరూ అడగరు కానీ, మన ఇళ్లలో సగం తీర్పు దీని మీదే ఉంటుంది. పొద్దున్నే పూజకి గిన్నెడు పూలు కావాలా, వీధిలో పోయేవారు ఆగి చూసేలా ఒక నెల వెలిగిపోవాలా?

రేల ఏప్రిల్, మేలలో ఆకు రాల్చి బంగారు గుత్తులు వేలాడదీస్తే దానికి సాటి లేదు. మిగతా పది నెలలూ అది ఒక మామూలు పచ్చటి చెట్టు, పైగా అడుగున్నర పొడవు నల్లటి కాయలు రాలుస్తుంది. రోజూ పూజకి కావాలంటే మందారం, నందివర్ధనం, నూరు వరహాలు, గన్నేరు. తలలోకి కావాలంటే కనకాంబరం, మల్లె. రెండు పనులూ చేసే చెట్లు తక్కువ. పారిజాతం ఒకటి, నేల మీద రాలిన పువ్వునే దేవుడికి పెట్టే చెట్టు అదొక్కటే కదా. వానాకాలం నుంచి చలి మొదలయ్యేదాకా తెల్లారేసరికి చాప పరిచినట్టు రాలుస్తుంది. పొగడ రెండోది, దాని పువ్వు ఎండాక కూడా వాసన వదలదు. కాకపోతే పొగడ చాలా నిదానం. దాన్ని పెట్టేవారు మనవల లెక్క వేసుకుని పెట్టాలి.

ప్రహరీ దాటి వేలాడే కొమ్మ పూలు ఇంటివాళ్లవి కావన్నది ఊరందరికీ తెలిసిన నియమం. పూజకి పూలు కావాలనుకుంటే మొక్కని గోడకి నాలుగడుగులు లోపలే పెట్టుకోవాలి.

నీళ్లూ, పనీ

పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మడికి ఎండాకాలంలో రోజుకి పదిహేను లీటర్లు, అంటే ఒక బకెట్టు. వారానికి వంద లీటర్ల పైమాట, ప్రతి వేసవీ ఇంతే. కొత్తగా నాటిన చెట్టుకి తొలి వేసవిలో వారానికి రెండుసార్లు ఇరవై లీటర్ల చొప్పున నలభై. రెండో ఏడు వారానికి ఒకసారి ముప్పై. మూడో వేసవి నుంచి బాగా నాటుకున్న రేల, గంగరావి లాంటివి తమ నీళ్లు తామే వెతుక్కుంటాయి. వేసవి సెలవులకి ఇల్లు తాళం పెట్టి ఊరెళ్లేవాళ్లు, అద్దెకిచ్చి వేరే ఊళ్లో ఉండేవాళ్లు మడి జోలికి పోకపోవడమే మేలు.

పని లెక్క వేరు. చెట్టుకి ఏడాదికి రెండు రోజుల పని, కానీ నిచ్చెనెక్కే మనిషి కావాలి. మడికి వారానికి ఒక గంట, కానీ కూర్చుని చేసుకునే పని.

చెట్టే అనుకుంటే

విశాఖలో చెట్టు నాటే అదను జూన్ చివర, తొలకరి తడిశాక. అక్టోబరు, నవంబరు తుపాన్ల లోపు వేళ్లకి నాలుగు నెలల వ్యవధి దొరుకుతుంది. సెప్టెంబరులో నాటితే కర్ర మీద ఆధారపడి తుపానుకి ఎదురు నిలబడాలి.

కడియం నర్సరీల నుంచి వచ్చే పది పన్నెండు అడుగుల చెట్ల మీద మోజు ఎక్కువ. డబ్బు పెట్టేవారికి చెప్పవలసిన మాట ఒకటే: ఐదడుగుల మొక్క చాలు. పెద్దదానికి తల పెద్దది, సంచిలో వేరు చిన్నది. అది తేరుకునేలోపు చిన్నది దాన్ని అందుకుంటుంది. కొనేటప్పుడు సంచి పైమట్టి వేలితో తీసి చూడాలి. మొదలు దగ్గర వేరు కాండాన్ని తాడులా చుట్టుకుని ఉంటే ఆ మొక్క వద్దు. ఆ చుట్టు కాండంతో పాటు లావెక్కి, ఏడెనిమిదేళ్లకి దాని పీకే నొక్కుతుంది. సంచి అడుగున సన్న వేళ్లు మాత్రమే చుట్టుకుని ఉంటే పరవాలేదు, బ్లేడుతో నాలుగు పక్కల నిలువుగా అంగుళం లోతు గీసి నాటొచ్చు.

గొయ్యి రెండడుగుల లోతు, మూడడుగుల వెడల్పు. తీసిన మట్టిలో ఇరవై కిలోల చివికిన గెత్తం (పశువుల ఎరువు), అరకిలో వేపపిండి కలిపి పొయ్యాలి. గెత్తం పచ్చిగా ఉంటే ఎర్రనేలలో చెదలు పట్టడం ఖాయం. కాండం వేళ్లుగా విచ్చుకునే చోటు నేలమట్టానికి పైనే కనబడాలి. లోతుగా పాతితే గట్టిగా నిలుస్తుందన్నది అపోహ, మట్టిలో కూరుకుపోయిన బెరడు కుళ్లుతుంది. ఊతానికి రెండు కర్రలు, పాత గుడ్డపేలికతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి. కాండం కాస్త ఊగాలి, ఊగితేనే మొదలు లావెక్కుతుంది. ఏడాది తిరిగేసరికి కర్రలు తీసెయ్యాలి. ఇనుప తీగతో కట్టి మరిచిపోయిన చెట్లు ఆ తీగ దగ్గరే విరుగుతాయి.

ఇంత చిన్న పట్టీకి ఏది? సముద్రం దగ్గరైతే దేవగన్నేరు. అడుగున్నర కొమ్మ కోసి, పాలు ఆరేలా నీడలో వారం ఉంచి నాటితే బతుకుతుంది. కోసిన వెంటనే నాటితే కుళ్లుతుంది. పదిహేను ఇరవై అడుగులు దాటదు, వేరు గోడల మీదికి దూకదు. చలికాలంలో ఆకు రాల్చి బోడిగా నిలుస్తుంది, అది రోగం కాదు. వానల్లో ఆకు అడుగున నారింజ రంగు పొడి కనిపిస్తే అది కుంకుమ తెగులు, రాలిన ఆకుల్ని ఏరి పారేస్తే చాలావరకు అదుపులో ఉంటుంది. లోపలి కాలనీల్లో పారిజాతం, చోటు మరీ కలిసొస్తే రేల. రేల లేత ఆకుల్ని పచ్చటి గొంగళిపురుగులు జల్లెడ చేసేస్తే మందు కొట్టక్కర్లేదు. కొన్నాళ్లకి అవి లేత పసుపు సీతాకోకచిలుకలై ఎగిరిపోతాయి, చెట్టు మళ్లీ చిగురుస్తుంది. తురాయి మాత్రం, ఎంత ఎర్రగా మురిపించినా, ఇంటి గోడల మధ్య పెట్టే చెట్టు కాదు.

ఆగస్టు, సెప్టెంబరుల్లో ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, ఎండుకొమ్మలు తీసి తలని పలచన చెయ్యాలి, గాలి లోపల నుంచి పోతుంది. మోడులా పైనుంచి నరికించడం మాత్రం తప్పు. నరికిన చోట గుంపుగా లేచే కొత్త కొమ్మలు బెరడు అంచునే అతుక్కుని ఉంటాయి, తరవాతి తుపానుకి ముందుగా ఊడేవి అవే.

మడి అనుకుంటే

ముప్పై చదరపు అడుగుల మడికి అడుగు లోతు తిరగదవ్వి, రాళ్లూ సిమెంటు పెళ్లలూ ఏరి, రెండంగుళాల మందాన గెత్తం పరవాలి. సిమెంటు సంచితో కొలిస్తే నాలుగు సంచులు. దానితో అరకిలో వేపపిండి. అడుగు ఎడంలో కనకాంబరాలైతే ముప్పై పడతాయి, అడుగున్నర ఎడంలో పొట్టి నూరు వరహాలైతే డజను, మందారాలైతే మూడే. మొదటి నెలలో వెలితిగా కనిపిస్తుందని అరడుగుకి ఒకటి కూరితే ఈ ఊరి ఉక్కకి గాలాడక ఆకుమచ్చ తెగులు, పిండినల్లి రెండూ దిగుతాయి.

పిండినల్లి మందారానికి ప్రధాన శత్రువు. తెల్లటి దూదిలాంటి గుంపు కొమ్మ చివర కనిపించగానే పైపుతో నీళ్లు బలంగా కొట్టి రాల్చాలి. తరవాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి వారం వారం మూడుసార్లు కొట్టాలి. ఇంత చేసినా తిరిగి వస్తోందంటే చీమల్ని చూడాలి. పిండినల్లి విసర్జించే తీపి కోసం చీమలే వాటిని కొమ్మ నుంచి కొమ్మకి మోసుకెళ్తాయి. చీమల బాట తెంపకుండా మందు ఎంత కొట్టినా దండగ.

కనకాంబరం రెండు మూడేళ్లు దండిగా పూసి నీరసిస్తుంది. పీకి చూస్తే వేళ్లకి బుడిపెలుంటాయి, నులిపురుగుల పని అది. అదే మడిలో మళ్లీ కనకాంబరం వేస్తే ఆర్నెల్లు తిరక్కుండా అదే గతి. ఒక పంట బంతి వేసి, దాన్ని తీసేశాక తిరిగి వెయ్యాలి. డిసెంబరులో తోపుడు బళ్ల మీద ఊరిస్తూ వచ్చే డాలియా, జెర్బెరా కుండీల్ని మడిలో లెక్కెయ్యకూడదు. చలి ఊళ్లలో ఏళ్ల తరబడి బతికే మొక్కలు ఇక్కడి ఏప్రిల్ ఉక్కని దాటడం అరుదు.

రెండూ కావాలనేవారికి దారి లేకపోలేదు, వరస తెలియాలి. చెట్టు నాటిన నాలుగైదేళ్లకి దాని నీడ మడి మీదికి వస్తుంది. ఎండ కోరే మందారం అప్పుడు ఆకులు పెంచి పూలు మానేస్తుంది. కనకాంబరం మాత్రం పలచటి నీడని ఇష్టపడుతుంది కాబట్టి రేల కింద, పారిజాతం అంచున సుఖంగా ఉంటుంది. పొగడ కింది చిక్కటి నీడలో పూలమొక్కల ఆశ వదులుకోవాలి. చెట్టు మొదలుకి మూడడుగుల లోపల పార వెయ్యకూడదు, మడి తిరగదవ్వినప్పుడల్లా తెగేవి దాన్ని నిలబెట్టే వేళ్లే.

తుపాను వెళ్లిన మర్నాడు రెండిటికీ చెయ్యవలసిన మొదటి పని ఒకటే: మంచినీళ్లతో ఆకుల మీది ఉప్పు కడగడం. మూడేళ్ల లోపు చెట్టు ఒరిగితే వేళ్ల మీద తడి గోనె కప్పి ఉంచి, రెండు రోజుల్లో నిలబెట్టి కర్రలు కట్టాలి. ఆకులన్నీ మాడి గోధుమ రంగుకి తిరిగిన చెట్టుని చూసి చచ్చిందని గొడ్డలి తెప్పించకూడదు. కొమ్మని గోటితో గీకితే కింద పచ్చటి పొర కనబడినంత మేర అది బతికే ఉంది, మూడు నాలుగు వారాలకి అక్కడే చిగురు పొడుస్తుంది. కోత ఆ చిగురు చూశాకే, దానికి అంగుళం పైన.